జానెడు వేసిన లేబుల్

కాదండీ, మీరే చెప్పండి. చొక్కా మీది, ఇస్త్రీ పెట్టె నాది. మరి ఆ మడత ఎవరిది? మీ ఒంటి మీద ఉన్నంతసేపూ మీదే అనుకోండి. కానీ ఆ మడత ఎలా పెట్టాలో నేను పక్క బండి అమ్మాయికి నేర్పితే, మీరొచ్చి "అది నా చొక్కా మీద పుట్టిన మడత, నాది" అంటారా? అంటే నేను నవ్వి ఊరుకునేదాన్ని. మా జానెడు విషయంలో ఒకాయన అన్నాడు. కోర్టుకెక్కి మరీ అన్నాడు. అప్పుడు నవ్వు రాలేదు.

జానెడు నా తమ్ముడి కూతురు. అసలు పేరు బడిలో రాయించాం గానీ ఇంట్లో ఎవరూ దాన్ని వాడలేదు. చిన్నప్పుడు కనపడ్డ ప్రతిదాన్నీ జానతో కొలిచేది. తలుపు, కుర్చీ, పడుకున్న వాళ్ల నాన్న, పిల్లి. పిల్లి పారిపోతే వెంటపడి మరీ కొలిచేది. అలా ఆ పేరు నిలిచిపోయింది. మనిషి కూడా పెద్దగా పెరక్కుండా పేరుకి న్యాయం చేసింది.

మా తమ్ముడు బూట్ల కార్ఖానాలో పని చేసేవాడు. షోకు బూట్లు కాదు. వంకర పాదాలకి, షుగరు జబ్బుతో పుళ్లు పడే పాదాలకి కుట్టే బూట్లు. వాడు పోయాక వాడి బల్ల ముందు, వాడి ఆరె పట్టుకుని ఇదే కూర్చుంది. ఆరె అంటే తోలుకి బెజ్జం పెట్టే ఇనప ముల్లు. దాని పిడి మీద మా తమ్ముడి బొటనవేలు ఆనిన చోట గుంట పడి ఉండేది. దీని వేలు ఆ గుంటలో సగానికి కూడా వచ్చేది కాదు. అయినా అదే ఆరె కావాలనేది.

ఆ కార్ఖానాలో ఒక అలవాటుంది. అక్కడి వాళ్లు ఏ బూటు కుట్టినా లేసుల కిందుండే నాలిక లోపలివైపు షాపు పేరున్న గుడ్డ లేబుల్ వేస్తారు. అమ్మకానికి కుట్టినా, సెలవు రోజున సొంత తోలు తెచ్చుకుని ఇంట్లో వాళ్లకి కుట్టుకున్నా సరే, లేబుల్ పడాల్సిందే. ఓనరు అడిగాడని కాదు, చేతికి అలా అలవాటైపోయింది. లేబుల్ లేని బూటు పేరు పెట్టని పిల్లలా ఉంటుందనేవాడు మా తమ్ముడు. నా బూట్లకీ అదే లేబుల్ ఉండేది.

నా బూట్ల సంగతి కూడా చెప్పాలి, లేకపోతే మీకు కథ అందదు. నేను పొద్దస్తమానం నిలబడి ఇస్త్రీ చేస్తాను. షుగరు వచ్చాక పాదాలకి స్పర్శ పోయింది. గాజు పెంకు దిగినా నాకు తెలియదు, నేల మీద నెత్తురు చూసి తెలుసుకోవాలి. "ఇంకొక్క పుండు పడితే వేళ్లు తీసెయ్యాలి" అని డాక్టరమ్మ మొహం మీదే చెప్పింది. అందుకే జానెడు కంప్యూటర్ దగ్గర కూర్చుంది.

అది చేసింది ఇదీ. గాజు పలక మీద మనం నిలబడితే కింద నుంచి పాదం ఫొటో పడుతుంది. ఎక్కడ బరువు ఎక్కువ పడుతోందో ప్రోగ్రాం పట్టుకుంటుంది. దాన్ని బట్టి కత్తి మెషిను బూటు లోపలి మెత్తని కోస్తుంది. బరువు పడే చోట మెత్తగా, పడని చోట గట్టిగా. చేత్తో కోస్తే ఒక్కో మెత్తకి పూట పట్టేది, అయినా అంత కుదిరేది కాదు. మెషిను టీ తాగి వచ్చేలోపు కోసి పడేసేది. ఆ బూట్లు వేసుకున్నాక నాకు ఒక్క పుండు పడలేదు.

ఆ ప్రోగ్రాం మొత్తం అది ఒక్కతే రాయలేదు. ఎక్కడెక్కడి వాళ్లో, ముక్కూ మొహం తెలియని వాళ్లు, బొమ్మ గీస్తే కత్తి దాని వెంట తిరిగేలా ఒక ప్రోగ్రాం రాసి ఇంటర్నెట్‌లో వదిలేశారట. ఓపెన్ సోర్స్ అంటారు దాన్ని. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. షరతు ఒక్కటే. మార్చినదాన్ని ఇంకొకరి చేతికి ఇస్తే, లోపల ఏం రాశావో అది కూడా చూపించి ఇవ్వాలి, వాళ్లని మార్చుకోనివ్వాలి. జానెడు దాని మీద తన పాదాల లెక్క కట్టింది.

"అంటే పెరుగు తోడు లాంటిదన్నమాట," అన్నాను నేను. "పక్కింటి నుంచి చెంచాడు తెచ్చుకుంటే రేపు ఇంకొకరు అడిగినప్పుడు లేదనకూడదు."

"అంతే అత్తా. నువ్వు లాయరువి కావాల్సింది."

"అయ్యుంటే నీ బట్టలు ఎవరు ఇస్త్రీ చేసేవాళ్లే?"

అయితే ప్రోగ్రాంలో ప్రతి ఫైలు నెత్తిన ఇది ఫలానా వాళ్లదని ఒక లైను రాస్తారు. కాపీరైట్ లైను. అడుగున ఆ తెలియని వాళ్ల లైను వాళ్లకి అలాగే ఉంచింది. తను రాసిన ఫైళ్ల దగ్గరికి వచ్చేసరికి, రెండో ఆలోచన లేకుండా, కార్ఖానా పేరు కొట్టింది. బూటుకి లేబుల్ వేసినట్టే. ఇంట్లో కూర్చుని రాసినదానికీ అదే, కార్ఖానాలో రాసినదానికీ అదే.

మొదట్లో ఓనరు మురిసిపోయాడు. అబద్ధం ఎందుకు, కంప్యూటర్ కొనిచ్చింది ఆయనే. "మా పిల్ల బంగారం" అని వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. ప్రోగ్రాం లోపల పెట్టి కత్తి మెషిన్లు తయారు చేయించి మూడు ఊళ్ల బూట్ల వాళ్లకి అమ్మాడు. అందులో ఒకాయనకి గుబురు మీసాలు, ఫోనులో మాట్లాడితే తెర నిండా అవే కనపడేవి. మేము మీసాలాయన అనేవాళ్లం. నాలుగో ఊరికి బేరానికి వెళ్తే అక్కడి వాళ్లు, "మాకెందుకండీ, ఇంటర్నెట్‌లో మీ అమ్మాయి పెట్టింది తీసుకున్నాం, మెషిను మా వెల్డింగు వాడు చేశాడు" అన్నారట. షరతు ఉంది కదా అని జానెడు దాన్ని అందరికీ దొరికేలా పెట్టేసింది. ఓనరుని అడగలేదు. అడగాలని దానికి తోచలేదు. ఆ పూటే ఆయన బంగారం ఇత్తడైపోయింది.

పనిలోంచి తీసేశాడు. కోర్టులో కేసు వేశాడు. కార్ఖానా సొత్తు దొంగిలించి ఊరందరికీ పంచిందని. తీర్పు వచ్చేదాకా కార్ఖానా తప్ప ఇంకెవరూ ఆ ప్రోగ్రాం వాడకూడదని కోర్టు ఆపు చేసింది. డబ్బు పోసి కొన్న మీసాలాయన మెషిను కూడా ఆగిపోయింది.

ఇక ఫోన్లు మొదలయ్యాయి. మీసాలాయన దగ్గరికి వచ్చే వాచ్‌మన్ ఒకతని మడమ మళ్లీ పగిలింది. ఇంకో ఊళ్లో స్కూలు టీచరమ్మ బూట్లు అరిగిపోయాయి, కొత్త మెత్తలు లేవు. "చెల్లెమ్మా, ఒక్కసారి గప్‌చుప్‌గా ఆన్ చేసుకోనా? తలుపేసుకుని కోస్తాను," అని అడిగాడు మీసాలాయన.

"వద్దన్నయ్యా. ఒక్కరు దొరికినా అందరివీ పోతాయి. చేత్తో కొయ్యి."

"నా చేతికి ఆ లెక్క రాదమ్మా."

ఫోను పెట్టేసి అది గోడకి ఆనుకుని కూర్చునేది. నాకు మాత్రం చేత్తోనే మెత్తలు కోసిచ్చింది, మళ్లీ మళ్లీ చెక్కి. సాయంత్రం బండి కట్టేశాక నా పాదాలు ఒళ్లో పెట్టుకుని వేలితో నొక్కేది.

"తెలుస్తోందా?"

"తెలుస్తోంది."

"ఇక్కడ?"

"ఆఁ, తెలుస్తోంది."

"నేనసలు నొక్కలేదత్తా."

ఎడమ కాలి బొటనవేలి కింద ఎర్రగా కందింది. పుండు ఇంకా కాదు. దాని ముందు వచ్చే చుట్టం. జానెడు దాన్ని చూసింది. జాన చాపి, ఆ ఎరుపు ఎంతుందో వేలితో కొలిచి, లేచి వెళ్లిపోయింది.

ఆ మర్నాడే ఓనరు నా బండి దగ్గరికి వచ్చాడు. ఎప్పుడూ డ్రైవరుతో పంపే చొక్కాలు తనే మోసుకొచ్చాడు. అప్పుడే అనుకున్నాను, ఇది చొక్కాల పని కాదని.

"అక్కా, నువ్వైనా చెప్పు దానికి. నేనేం రాక్షసుణ్ణా? దాని నాన్న నా దగ్గర పనిచేసి పోయాడు. మంచం పట్టినప్పుడు ఆస్పత్రికి తీసుకెళ్లింది ఎవరు?"

"మీరే. కాదన్నదెవరు?"

"మరి? అడక్కుండా ఇచ్చేశాను, అది తప్పే, అందరూ తీసెయ్యండి అని ఒక్క కాగితం మీద సంతకం పెట్టమను. కేసు వెనక్కి తీసుకుంటాను. దాన్ని మేస్త్రీని చేస్తాను." ఆయన చూపు నా కాళ్ల మీదకి దిగింది. "నీ బూట్లు కూడా అరిగినట్టున్నాయి. సంతకం పడితే ఎల్లుండికి కొత్త మెత్తలు. మెషిను కోసినవి."

చేతిలో పెట్టె కాలుతోంది. కింద ఉన్నది ఆయన తెల్ల చొక్కా. ఒక్క నిమిషం ఆపితే చాలు, వీపు మీద పెట్టె ముద్ర పడిపోతుంది. పెట్టె ఎత్తేశాను. నా పనికి నేనే మచ్చ తెచ్చుకోను.

"చెప్తాను," అన్నాను. "చెప్పడం వరకే."

చెప్పాను కూడా. దాచలేదు. నిజం చెప్పాలంటే, పెట్టెయ్యవే అని నోటి దాకా వచ్చింది. నా కాలు నాకు తీపి కాదా? మింగమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపంలా ఉంది నా పని.

అది అన్నం కలుపుతూ విని, "నీకు మెషిను మెత్తలు వస్తాయి. వాచ్‌మన్‌కి?" అంది.

"వాచ్‌మన్ నాకు మేనల్లుడా? నీకు బావా?"

"నువ్వు అలా అనవు అత్తా. షుగరు అంటోంది."

కోపంలో కూడా నవ్వొచ్చింది. ఆ మాటతో ఆ కాగితం గొడవ మా ఇంట్లో ముగిసింది. భయం మాత్రం పోలేదు.

కోర్టులో దాన్ని బోనెక్కించిన రోజు నేను బండి మూసేసి వెళ్లాను. ముందు బెంచీలో కూర్చున్నాను. అది నిలబడితే కటకటాల మీంచి మొహం మాత్రమే కనపడింది. ఓనరు తరఫు లాయరు గొంతు పెంచలేదు. దానికే నాకు మరీ భయం వేసింది.

"ఫైళ్ల పైన కార్ఖానా పేరు ఎవరు రాశారమ్మా?"

"నేనే సార్."

"ఓనరు రాయమన్నారా?"

"లేదు సార్."

"బెదిరించారా?"

"లేదు."

"మరెందుకు రాశారు?"

అబద్ధం ఆడవే, ఏదో ఒకటి చెప్పవే అని నేను లోపల్లోపల పళ్లు కొరుక్కున్నాను.

"మేము ఏది కుట్టినా షాపు లేబుల్ వేస్తాం సార్. ఇంట్లో కుట్టుకున్నా వేస్తాం. దానికీ అలాగే వేశాను."

"అంతేనండి," అని ఆయన జడ్జిగారికి వంగి కూర్చున్నాడు. కూర్చున్న కొమ్మనే నరుక్కున్నట్టు, దాని మెడకి అదే ఉరి బిగించుకుంది అనుకున్నాను.

తర్వాత ఓనరు వంతు. మా లాయరమ్మ చిన్న మనిషి, నల్ల కోటు ఒంటికి పెద్దది. దాని భుజాలు నేనే ఇస్త్రీ చేశాను ఆ పొద్దున.

"ఈ ప్రోగ్రాం మీరు బయట ఎవరికైనా ఇచ్చారా?"

"నేను దానాలు చెయ్యను మేడం. అమ్మాను. మూడు ఊళ్లకి మెషిన్లు అమ్మాను. ప్రోగ్రాం లోపలుంటేనే మెషిను. లేకపోతే వట్టి బల్ల."

"దాని అడుగున వేరేవాళ్లు రాసిన ప్రోగ్రాం ఉందని తెలుసా?"

"అది ఊరికే దొరికేదే కదా."

"ఊరికే దొరికేదానికీ షరతు ఉంటుంది. చదివారా?"

"ఎవరు చదువుతారు మేడం? మీరు చదువుతారా? అందరం కిందకి లాగేసి ఒప్పుకున్నాం అని నొక్కుతాం."

హాలంతా నవ్వింది. జడ్జిగారు కూడా కాగితం మొహానికి అడ్డం పెట్టుకున్నారు. లాయరమ్మ "చాలండి" అని కూర్చుంది. నాకు ఒళ్లు మండింది. జనాన్ని ఆయన అంత నవ్వించాడు, ఈవిడేమో మాటకి మాట చెప్పకుండా కూర్చుంది. బయటికొచ్చాక అడిగేశాను కూడా.

"నేను అడగాల్సింది ఒక్కటే అమ్మా. అమ్మాను అన్నారా లేదా?" అంది.

"అన్నాడు."

"అయితే చూద్దాం. గెలుస్తామని మాత్రం చెప్పను."

తీర్పు రోజున జానెడు వాళ్ల నాన్న ఆరె సంచిలో పెట్టుకుని వచ్చింది. గేటు దగ్గర పోలీసు తీసి చూసి, "ఇదేంటి, పొడుస్తావా?" అన్నాడు. "తోలుని," అంది. ఆయన దాన్ని లాక్కుని బల్ల సొరుగులో వేశాడు, వెళ్లేటప్పుడు తీసుకోమన్నాడు. చేతిలో ఏమీ లేక దాని వేళ్లు ఊరికే ఉండలేకపోయాయి. నా కొంగు అంచు కొలుస్తూ కూర్చుంది.

జడ్జిగారు చదవడం మొదలుపెట్టారు. సగం నాకు అర్థం కాలేదు. అర్థమైన సగం ఇదీ.

"ఈమె ఉద్యోగంలో ఉండగా, ఆ ఉద్యోగం కోసం, యజమాని ఇచ్చిన కంప్యూటర్ మీద రాసింది. పైన పేరు కూడా కార్ఖానాదే పెట్టింది. కాబట్టి ఈమె రాసిన భాగానికి కాపీరైట్ కార్ఖానాదే. యజమానిని అడక్కుండా దాన్ని బయట పెట్టడం పొరపాటు."

జానెడు వేళ్లు నా కొంగు మీద ఆగిపోయాయి. అప్పుడే భోజనం వేళైంది. మిగతాది మధ్యాహ్నం చదువుతామన్నారు.

మెట్ల మీద కూర్చున్నాం. తెచ్చుకున్న డబ్బా మూత తియ్యలేదు. మీసాలాయన ఫోను చేస్తూనే ఉన్నాడు, అది ఎత్తలేదు. ఓనరు దిగి వచ్చి దాని పక్క మెట్టు మీద నిలబడ్డాడు. మొహంలో గెలిచిన పొగరు లేదు, నిజం చెప్పాలి. అలిసిపోయినట్టు ఉన్నాడు.

"అయిపోయింది కదా. ఇక పనిలోకి రా. నీ బల్ల ఎవరికీ ఇవ్వలేదు."

"ఇంకా చదవడం అవ్వలేదు సార్," అంది అది, తలెత్తకుండా.

"మిగిలేది ఏముంటుందే పిచ్చిపిల్లా?"

అది నా ఎడమ బూటు లేసు వదులైతే వంగి కట్టింది. కట్టిన ముడి విప్పి మళ్లీ గట్టిగా బిగించింది. నా కాలికి తెలియలేదు, కళ్లకి తెలిసింది.

మధ్యాహ్నం మళ్లీ కూర్చున్నాం. జడ్జిగారు నీళ్లు తాగి మొదలుపెట్టారు.

"అయితే కార్ఖానా తన భాగాన్ని ఇతరులు రాసినదానితో కలిపి, మెషిన్లలో పెట్టి అమ్మింది. ఇది యజమానే ఒప్పుకున్నారు. ఇతరులు రాసినది వాడుకునే హక్కు కార్ఖానాకి ఒక షరతు మీద వచ్చింది. హక్కు ఉంచుకుంటాను, షరతు చదవలేదు అంటే చెల్లదు. మెషిను కొన్నవాళ్లకి లోపల రాసినదంతా చూసే హక్కు, మార్చుకునే హక్కు, ఇతరులకి ఇచ్చే హక్కు ఉన్నాయి. ఆపు చేసిన ఉత్తర్వు రద్దు చేస్తున్నాం. ఫైళ్ల పైనున్న పేర్లు మాత్రం ఎవరూ చెరపకూడదు."

నేను లాయరమ్మ మోచెయ్యి పట్టుకున్నాను. "ఏంటమ్మా? మనం గెలిచామా, ఓడామా?"

"ఆస్తి ఆయనది. తాళం వేసే హక్కు మాత్రం లేదు."

"మరి దీనిదేం లేదా?"

"కోర్టు లెక్కలో లేదండీ."

జానెడు అది వినలేదు. అప్పటికే వరండాలోకి పరుగెత్తి ఫోను ఎత్తింది. నేను వెళ్లేసరికి అవతల మీసాలాయన అరుస్తున్నాడు.

"ఆన్ చెయ్యనా చెల్లెమ్మా? నిజంగానే చెయ్యనా?"

"చెయ్యన్నయ్యా."

ఫోనులోంచి గరగరమని మెషిను చప్పుడు వచ్చింది. అది కళ్లు మూసుకుని వింది. ఏడుస్తుందేమో అనుకున్నాను.

"కత్తి మొద్దుబారిందన్నయ్యా. మార్చు," అంది.

కార్ఖానాలోకి మళ్లీ వెళ్లలేదు. ఓనరు పిలవడం మానలేదు, మధ్యలో ఒకసారి బతిమాలాడు కూడా. "ఆయన మీద కోపం లేదత్తా. అక్కడ కూర్చుంటే చెయ్యి మళ్లీ అదే లేబుల్ వేసేస్తుంది," అంది. నా పాదం బొమ్మ మీసాలాయనకి పంపించింది. ఆయన కోసిన మెత్తలు బస్సులో పార్సిలు వచ్చాయి. బొటనవేలి కింద ఎరుపు మెల్లగా తగ్గింది. దాన్ని కొలుస్తూ కొలుస్తూ, చివరికి కొలవడానికి ఏమీ లేక వదిలేసింది.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం నా బూట్లు ముందేసుకుని, బ్లేడుతో పాత లేబుళ్లు కోసేసింది.

"ఏయ్, పేర్లు చెరపకూడదని జడ్జిగారు చెప్పలా?"

"అది ప్రోగ్రాం సంగతి. నీ బూట్లు నేను కుట్టాను, తోలు నువ్వు కొన్నావు. కోర్టుకి వీటితో పనేంటి?"

తెల్లగుడ్డ ముక్కలు రెండు కత్తిరించింది. ఒట్టివి, వాటి మీద ఏమీ లేదు.

"ఏం పేరు రాస్తావే? జానెడనా?"

"ఇంకా అనుకోలేదు. ముందు కుట్టనీ."

కుడి బూటుకి నాలుగు వైపులా కుట్టేసింది. ఎడమదానికి ఒక వైపు అయ్యేసరికి మైనం దారం అయిపోయింది. "మలుపులో కొట్టుకెళ్లి దారం తెస్తాను, ఆరె తియ్యకు," అని చెప్పులేసుకుని వెళ్లింది. దారిలో ఫోను వచ్చిందట. నాలుగో ఊరి వెల్డింగు వాడి మెషిను పక్కకి కోస్తోందని, టీచరమ్మ అక్కడే కూర్చుని ఉందని. కొట్టు దాకా కూడా పోకుండా బస్సెక్కేసింది. బస్సులోంచి నాకు చెప్పింది. అక్కణ్ణుంచి ఇంకో ఊరు పిలిచింది, అక్కణ్ణుంచి ఇంకోటి. ఫోను చేసినప్పుడల్లా ముందు నా వేళ్ల సంగతి అడుగుతుంది, తర్వాత తిన్నావా అంటుంది. దారం గుర్తు చేస్తే, "వస్తూ తెస్తాగా అత్తా," అంటుంది.

ఆరె బల్ల మీదే ఉంది. నేను ఆ బూట్లే వేసుకుని రోజూ నిలబడుతున్నాను. ఎడమదాని నాలిక లోపల తెల్లగుడ్డ ఒక్క వైపు కుట్టుతో వేలాడుతోంది. మలుపులో కొట్టు తెరిచే ఉంటుంది, నేనే వెళ్లి దారం తేవచ్చు. తేను. అది తెస్తానంది.